కణితిని చూపే వెలుగు, చంపే వెలుగు

మెదడులో పెరిగే గ్లయోమా కణితికి స్పష్టమైన హద్దు ఉండదు. చెట్టు వేళ్లలా చుట్టూ పాకుతుంది. తక్కువ కోస్తే కణితి మిగులుతుంది, ఎక్కువ కోస్తే మాటో నడకో పడిపోతుంది. ఈ చిక్కుకు 5-ఏఎల్‌ఏ అనే మందు ఒక దారి చూపింది. మత్తు ఇవ్వడానికి సుమారు 3 గంటల ముందు రోగి చేత దాన్ని తాగిస్తారు. కణితి కణాలు దాన్ని పోర్ఫిరిన్‌గా మార్చి పోగేసుకుంటాయి. థియేటర్‌లో లైట్లు తగ్గించి మైక్రోస్కోపు నుంచి నీలికాంతి వేస్తే కణితి గులాబీ ఎరుపులో మెరుస్తుంది.

జర్మనీ న్యూరోసర్జన్‌ వాల్టర్‌ స్టుమర్‌ బృందం 2006లో ప్రచురించిన పరీక్షలో, స్కాన్‌కు అందిన కణితిని ఈ పద్ధతిలో 65 శాతం మందికి పూర్తిగా తీయగలిగారు. మామూలు వెలుతురులో అది 36 శాతమే. అమెరికా 2017లో ఈ మందును అనుమతించింది.

వెలుగుతో కణాన్ని చంపవచ్చన్న సంగతి ఇంకా పాతది. మ్యూనిక్‌ వైద్య విద్యార్థి ఆస్కార్‌ రాబ్‌ 1900లోనే దాన్ని ప్రకటించాడు. అక్రిడిన్‌ రంగు కలిపిన నీటిలోని పారమీసియాలు వెలుతురు సోకితే చచ్చిపోయాయి. ఈ సూత్రంతోనే వచ్చిన ఫోటోఫ్రిన్‌ అనే క్యాన్సర్‌ మందును కెనడా 1993లో అనుమతించింది. వెలుగు తగలగానే అది కణంలోని ఆక్సిజన్‌ను విషంగా మారుస్తుంది. అయితే చర్మంలోనూ నిలిచిపోతుంది కనుక రోగి కనీసం 30 రోజులు ఎండకు దూరంగా ఉండాలి.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో హిసతాకా కొబయాషి మరో మార్గం పట్టాడు. క్యాన్సర్‌ కణాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీకి ఐఆర్‌700 అనే రంగును జోడించాడు. మందు ఎక్కించిన మర్నాడు 690 నానోమీటర్ల ఎర్రకాంతి వేస్తే, ఆ రంగు అంటుకున్న కణాల పొర నిమిషాల్లో చిట్లుతుంది. ఆపరేషన్‌కు లొంగని తల, మెడ క్యాన్సర్లకు జపాన్‌ 2020లో దీన్ని అనుమతించింది.

అయితే ఒంట్లోకి వెలుగు కొద్ది మిల్లీమీటర్లే బలంగా చొరబడుతుంది. లోతైన కణితికి సూదుల ద్వారా ఫైబర్‌ దింపాలి. శరీరమంతా పాకిన వ్యాధికి ఈ చికిత్స ఒక్కటే చాలదు.

నోరు మాత్రం వెలుగు తేలిగ్గా అందే చోటు. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు అంగిటి క్యాన్సర్‌కు దారితీస్తుందని దశాబ్దాల క్రితమే తేలింది. ఈ చికిత్సలు మన ప్రభుత్వ ఆసుపత్రులకు రావాలి, సర్జన్లకు శిక్షణ అందాలి. అవి వచ్చేదాకా ఆగక్కర్లేదు. రెండు మూడు వారాలైనా మానని నోటి పుండునూ, అంగిట్లో తెల్లటి మచ్చనూ వెంటనే డాక్టరుకు చూపించండి.