నెగటివ్ ఉందా?

డీప్‌ఫేక్‌ల మీద ఏ సమావేశం జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తోంది: ‘రీలు కెమెరాల కాలంలో ఫోటో అబద్ధం చెప్పేది కాదు.’ ఈ మాటతో నాకు పేచీ ఉంది.

1858లో ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ ‘ఫేడింగ్ అవే’ అనే ఫోటో తయారు చేశాడు. అయినవాళ్ళ మధ్య క్షయతో చనిపోతున్న ఒక అమ్మాయి. ఇంత బాధాకరమైన దృశ్యాన్ని ఫోటో తీస్తారా అని కొందరు ఆక్షేపించారు. ఆ అమ్మాయి నిక్షేపంగా ఉన్న మోడల్. ఐదు నెగటివ్‌లు కలిపి అచ్చు వేసిన ఫోటో అది.

అంత దూరం పోనక్కరలేదు. మన స్టూడియోల్లో రీటచింగ్ రోజువారీ పని. నెగటివ్ మీద వార్నిషు లాంటిది పూసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముఖం దిద్దేవారు. నెగటివ్‌లో ఎంత నలుపు చేరితే ప్రింటులో అంత తెలుపు. పెళ్ళిచూపులకు పంపే ఫోటోల్లో చామనఛాయ పిల్లలు తెల్లబడింది ఇలాగే. (ఆ పిల్లల్ని ఎవరడిగారు కనుక!)

ఇంతకంటే ప్రమాదకరమైన పద్ధతి ఇంకొకటి. ఇద్దరి ఫోటోలు కత్తిరించి, పక్కపక్కన అతికించి, అంచులు కుంచెతో సరిచేసి, దాన్ని మళ్ళీ ఫోటో తీస్తే కొత్త నెగటివ్ చేతికొస్తుంది. ‘నెగటివ్ ఉందా?’ అని అడిగే పెద్దమనుషులకు అది చూపిస్తే సరి. అమ్మాయి నోటిమాటకు ఆ పాటి విలువ లేదు.

ఇటువంటి ఫోటోలో అసభ్యత ఏమీ ఉండదు. నిండుగా చీర కట్టుకున్న అమ్మాయి, పక్కన ఎవరో మగవాడు. చదువు మాన్పించడానికి, సంబంధం చెడగొట్టడానికి, బెదిరించి లొంగదీసుకోవడానికి అది చాలు. 1986 నాటి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం బొమ్మ అసభ్యంగా ఉందా అని చూస్తుంది గాని, ఆమె ఇష్టంతో తయారైందా అని అడగదు.

మన సంఘాలు కూడా చాలాసార్లు ‘ఫోటో నిజమా, కల్పితమా’ అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. కల్పితమని తేలితే ఆమె ‘మంచి పిల్ల’. నిజమని తేలితే? ఇష్టపడి ఒకరి పక్కన నిలబడి ఫోటో దిగిన పిల్లను బెదిరించే హక్కు అతనికెక్కడిది? ఫోరెన్సిక్ నివేదిక కోసం కాచుకు కూర్చోకుండా, ముందు బెదిరింపు మీద ఫిర్యాదు రాయించాలి. ఫోటో సంగతి తర్వాత తేల్చుకోవచ్చు.