టూరిస్టు వీసా మీద టీచరు ఉద్యోగమా?

పోర్ట్‌బ్లెయిర్‌లోని డెలానీపూర్, హద్దో, జంగ్లీఘాట్ తెలుగు కుటుంబాలకూ, డిగ్రీ చేతికొచ్చిన పిల్లలకూ

2024 మే 20న కంబోడియాలోని సిహనూక్‌విల్‌లో సుమారు 300 మంది భారతీయులు తమను బంధించి పనిచేయిస్తున్నవాళ్ల మీద తిరగబడ్డారు. వాళ్లలో విశాఖ ప్రాంతపు పిల్లలున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా గుంజి పంపారు. తీరా వెళ్లాక అప్పగించిన పని, ఫోన్లలో సాటి భారతీయులను ముంచడం. విశాఖ పోలీసులు తీగ లాగితే డొంకంతా కదిలింది. పది నెలలు తిరక్కుండానే, 2025 మార్చిలో, మయన్మార్‌లోని మైవాడ్డీ శిబిరాల నుంచి బయటపడిన 549 మందిని థాయిలాండ్ సరిహద్దు ఊరు మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. అందులోనూ తెలుగువాళ్లు ఉన్నారు.

డెలానీపూర్‌కు విశాఖ పరాయి ఊరు కాదు. ఓడ అక్కడి నుంచి వస్తుంది, పెళ్లి సంబంధాలు అక్కడి నుంచి వస్తాయి. 2011 జనగణనలో అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు సుమారు 13 శాతం. అక్కడి గాలి ఇక్కడికి రావడానికి ఎంతో కాలం పట్టదు. పైగా పోర్ట్‌బ్లెయిర్ నుంచి చెన్నై కన్నా ఫుకెట్ దగ్గర. ఊరికి శ్రీ విజయపురం అని పేరు మారిన ఏడాదే, 2024 నవంబరులో, కౌలాలంపూర్ నుంచి తొలి అంతర్జాతీయ విమానం కూడా దిగింది.

"అవి కంప్యూటరు ఉద్యోగాలు, మావాడు వెళ్లేది ఇంగ్లీషు చెప్పడానికి" అని సర్దిచెప్పుకునే ఇళ్లు ఉన్నాయి. దారి మాత్రం ఒకటే. థాయిలాండ్‌లో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాల పేరుతో జరుగుతున్న మోసం గురించి విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. ముందు టూరిస్టు వీసా, బ్యాంకాక్‌లో దిగడం, అక్కడ ఎవరో వచ్చి బండెక్కించుకోవడం. మార్కెటింగ్ అన్నచోట టీచరు అని రాస్తే కాగితం మారుతుంది, బండి మారదు.

ఆ కాగితాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. ఫోన్లో వస్తుంది. పైన నీలం రంగు లోగో, కింద రబ్బరు స్టాంపు. జీతం డాలర్లలో. బడి పేరు ఉంటుంది, బడి ఉన్న వీధి ఉండదు. వారానికి ఎన్ని పీరియడ్లో, ఏ తరగతికో, సెలవుల్లో జీతం ఉందో లేదో ఒక్క ముక్క ఉండదు. ఇంటర్వ్యూ పది నిమిషాల్లో అయిపోయి ఉంటుంది. ఒక్క పాఠం చెప్పి చూపించమని ఎవరూ అడిగి ఉండరు. చివరి వరుసలో మాత్రం అసలు సంగతి ఉంటుంది: ముందు టూరిస్టు వీసా మీద రండి, వచ్చాక మార్పిస్తాం. ఆ వరుస కోసమే అమ్మ చేతి గాజులు తాకట్టుకు వెళతాయి.

ఏజెంటు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. విదేశాల్లో ఇంగ్లీషు చెప్పడం గురించి తిరిగే సలహాల్లో ఎక్కువ భాగం మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ల కోసం రాసినవి కావు. కొరియాలో ఇంగ్లీషు టీచరుకిచ్చే ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాల వాళ్లకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. చైనా కూడా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల వాళ్లనే ముందు చూస్తుంది. 2021లో ప్రైవేటు ట్యూషన్ల మీద ఆ ప్రభుత్వం ఉక్కుపాదం మోపాక అక్కడ ఉన్న అవకాశమూ కుంచించుకుపోయింది. ఇంగ్లీషు మీడియంలో పదిహేనేళ్లు చదివిన అమ్మాయి కన్నా, పాఠం అంటే ఏమిటో తెలియని ఆ ఏడు దేశాల కుర్రాడికి ముందు తలుపు తెరుచుకుంటుంది. ఇది అన్యాయమే. అన్యాయం కాబట్టి లేనట్టు నటించి డబ్బు గుంజడం అంతకన్నా పెద్ద అన్యాయం.

తెలుగువాడికి ఇది కొత్త కథా? ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి లక్షలమంది రంగం, అంటే రంగూన్, వెళ్లారు. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చేవాడు, ఓడ ఛార్జీ పెట్టేవాడు, అవతల ఒడ్డున జీతం నుంచి కోసుకునేవాడు. అప్పు తీరేసరికి ఏళ్లు గడిచేవి. 1930 మేలో రంగూన్ రేవులో అల్లర్లు రేగినప్పుడు ఎందరో తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లను ఓడెక్కించిన మేస్త్రీలను నిలదీసినవాడు లేడు. నేడు మేస్త్రీ గ్లాస్ డోర్ వెనక ఏసీ గదిలో కూర్చుంటాడు, కన్సల్టెంట్ అని బోర్డు పెట్టుకుంటాడు. ఆనాటివాడు బయానా ఇచ్చేవాడు, ఈనాటివాడు ఎదురు తీసుకుంటాడు. వచ్చిన తేడా అంతే.

ఉద్యోగం నిజమైనదైనా అప్పు మెడకు చుట్టుకుంటుందని అమెరికాలోనే రుజువైంది. లూసియానా రాష్ట్రపు బడుల్లో పనిచేయడానికి వెళ్లిన సుమారు 350 మంది ఫిలిప్పీన్స్ టీచర్ల దగ్గర ఏజెన్సీ వేల డాలర్లు గుంజింది. 2012లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ ఆ ఏజెన్సీ 45 లక్షల డాలర్లు చెల్లించాలని తీర్పిచ్చింది. వాళ్లవి నిజమైన బడులు, నిజమైన వీసాలు. అయినా ఆ గతి పట్టింది.

ఇక ప్రభుత్వం సంగతి. 1983 నాటి వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. అతను తీసుకోగలిగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ; రసీదు ఇవ్వాలి. మరి లక్షన్నర ఎలా గుంజుతున్నారు? అడిగేవాడు లేక. పదో తరగతి పాసవ్వనివాడు గల్ఫ్ దేశాలు కలిసిన 18 దేశాల జాబితాలో దేనికైనా పనికి వెళ్లాలంటే వలస సంరక్షక అధికారి అతని కాగితాలు చూసి అనుమతి ఇవ్వాలి. అతనికి పది లక్షల ప్రవాసీ బీమా ఉంటుంది. డిగ్రీ చదివిన పిల్లకు ఆ పరీక్షే లేదు. చదువుకున్నది కదా, తన మంచిచెడ్డలు తనే చూసుకుంటుందని చట్టం వదిలేసింది. కంబోడియా, వియత్నాం అయితే అసలు ఆ జాబితాలోనే లేవు. తాపీమేస్త్రీ కాగితాన్ని చూసే ప్రభుత్వం టీచరు కాగితాన్ని చూడదు. కంబోడియాలో చిక్కినవాళ్లు చదువురానివాళ్లు కారు, కంప్యూటరు ముందు కూర్చోగలిగినవాళ్లు. చదువే వాళ్లను ఎరగా మార్చింది. ఈ కన్నం ఎవరికీ కనిపించలేదంటే నమ్మడం కష్టం.

వలస సంరక్షక అధికారి కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, చెన్నైలో ఉంది, కోల్‌కతాలో ఉంది. దీవుల్లో లేదు. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపడమే వాటి పని. అండమాన్ పిల్లకు ఏది ఉంది? ఓడ దిగి వేరే రాష్ట్రంలో వాకబు చేయాలా?

ఏజెంట్లందరూ దొంగలు కారని ఎవరైనా అంటే, లైసెన్సు నంబరు గోడకు తగిలిస్తే ఆ చర్చే అక్కర్లేదు. ఇంకా కొందరు వెళ్లేవాళ్లు ఎలాగూ వెళతారంటారు. ఓడలో లైఫ్‌జాకెట్ వద్దనడానికీ అదే మాట పనికొస్తుంది.

కాబట్టి కొత్తగా బయలుదేరే పిల్ల జీతాల పట్టిక చూసి దేశం ఎంచుకోకూడదు. ఇక్కడ విమానం ఎక్కకముందే ఉద్యోగ అనుమతి చేతికొచ్చే దేశాన్ని ఎంచుకోవాలి.

అలా చూస్తే డెలానీపూర్ పిల్లలకు దారులు ఉన్నాయి. మాల్దీవుల బడులు ఇంగ్లీషు మీడియంలో నడుస్తాయి, ఏళ్లుగా మన దేశపు టీచర్లను తీసుకుంటున్నాయి. చిన్న దీవి, బోటు వస్తేనే కూరగాయలు, వానాకాలంలో రాకపోకల బెంగ: ఇవి హైదరాబాద్ అమ్మాయిని బెదరగొడతాయేమో, ఇక్కడ పుట్టినవాళ్లను కాదు. గల్ఫ్‌లో సీబీఎస్ఈ బడులు ఉన్నాయి. అండమాన్ ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు ఆ పుస్తకాలు కొత్త కాదు. కాకపోతే అక్కడ అనుభవం అడుగుతారు, రెండేళ్లు ఇక్కడే చెప్పి వెళ్లడం మేలు. కొరియా తలుపు కూడా పూర్తిగా మూసుకోలేదు. 2010 జనవరి నుంచి అమల్లో ఉన్న భారత-కొరియా ఆర్థిక ఒప్పందం కింద డిగ్రీతో పాటు ఇంగ్లీషు బోధన అర్హత ఉన్న భారతీయులను బడుల్లో సహాయ ఉపాధ్యాయులుగా తీసుకోవచ్చు. థాయిలాండ్‌లో బడి ఉద్యోగానికి నాన్-ఇమిగ్రెంట్ బి వీసా, వర్క్ పర్మిట్, అక్కడి ఉపాధ్యాయ మండలి అనుమతి కావాలి. వియత్నాంలోనూ వర్క్ పర్మిట్ లేకుండా టీచరు ఉద్యోగం లేదు. ఈ పేర్లు పలకలేని ఏజెంటు ముందు నుంచి లేచి రావడమే మంచిది.

ఈ దారులన్నిటికీ మొదటి మెట్టు ఊళ్లోనే ఉంది. టాగోర్ ప్రభుత్వ బీఎడ్ కాలేజీ ఇక్కడిదే. హైదరాబాద్‌లో 1958లో పుట్టిన ఇంగ్లీషు సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్, డిప్లొమా దూరవిద్యలో ఇస్తుంది. కేంబ్రిడ్జి వారి ఇంగ్లీషు బోధన సర్టిఫికెట్ సెల్టాలో కనీసం 120 గంటల చదువు, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు పాఠం. వెనక బెంచీలో శిక్షకుడు నోట్సు రాసుకుంటుంటే, ముందు కూర్చున్న వయోజన విద్యార్థులు అర్థం కాలేదని తల అడ్డంగా ఊపితే, చాక్‌పీస్ పట్టుకున్న చెయ్యి వణకాలి. ఆ వణుకు పోవడానికే శిక్షణ. ఒక్క విద్యార్థి ముఖం చూపించకుండా వారాంతంలో సర్టిఫికెట్ అచ్చేసిచ్చే ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు తగలేయకూడదు.

పరిపాలన యంత్రాంగం నుంచి డెలానీపూర్ అడుగుతున్నది పెద్ద భవనం కాదు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజిలో ఒక టేబుల్, విదేశాంగ శాఖ వారి ఈమైగ్రేట్ పోర్టల్ తెరిచి ఏజెంటు లైసెన్సు చూసి చెప్పగల ఒక ఉద్యోగి, వారానికి రెండు రోజులు. తెలుగు, బెంగాలీ, తమిళం, హిందీ తెలిసినవాళ్లయితే మరీ మంచిది. డిగ్రీ ఉన్నా లేకున్నా విదేశీ ఆఫర్ లెటర్ పట్టుకొచ్చిన ప్రతి ఒక్కరి కాగితం అక్కడ చూడాలి, ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి పంపి నిజానిజాలు కనుక్కోవాలి. జవహర్‌లాల్ నెహ్రూ కాలేజీలో, టాగోర్ కాలేజీలో ఆఖరి ఏడాది పిల్లలకు పరీక్షలకు ముందే ఒక పూట ఈ సంగతులు చెప్పాలి. లైసెన్సు నంబరు లేకుండా విదేశీ ఉద్యోగాల బోర్డు పెట్టిన దుకాణానికి పోలీసులు తాళం వేయాలి.

టేబుల్ వచ్చేదాకా చేతిలో ఆఫర్ లెటర్ ఉన్నవాళ్లు డబ్బు కట్టకముందే 1800-11-3090కి ఫోన్ చేయవచ్చు. అది ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు, ఖర్చులేదు. ఏజెంటు పేరు, బడి పేరు, వీసా రకం కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకుని మాట్లాడాలి.