సోమవారపు భక్తి

ఆదివారమున దేవాలయమునందు పాడుట సులభము. మన విశ్వాసమునకు పరీక్ష సోమవారమున వచ్చును.

మన కొత్తకోట నుండి హైదరాబాదునకు పోవు బాటలోనే శంషాబాదు కలదు. రష్యాలో జన్మించి, అమెరికాలో వైద్యము నభ్యసించిన డాక్టరు కేథరీనా షెల్లెన్‌బర్గుగారు 1907లో మెన్నొనైటు బ్రదరన్ మిషను వైద్యురాలుగా ఈ దేశమునకు వచ్చిరి. 1945లో ఆ శంషాబాదునందే తనువు చాలించిరి. ముప్పదియెనిమిది సంవత్సరములు! అందు ఆదివారములకంటె పనిదినములే యెక్కువ గదా. రోగి పుండు కడుగుటయు, మందిచ్చుటయు ఆ దినములలోని పనులే.

విద్యార్థులారా, మనకు వైద్యము తెలియదు. అయినను పరీక్షలో ప్రక్కవాని కాగితము చూడకుండుటయు, అంగడిలో వర్తకుడు పొరబాటున నెక్కువ యిచ్చిన చిల్లరను తిరిగి యిచ్చుటయు మనకు తెలియును. తోడి బాలుని కులము నడుగక, వాని ప్రక్కన గూర్చుండి యన్నము తినుటయు తెలియును. ఈ కడపటిది అన్నిటికంటె కష్టము. మన యిండ్లలోను కష్టమే. తలిదండ్రులారా, మీరును ఆలోచింపుడు. ఇది చేయనివాని పాట యెంత మధురమైనను, పొరుగువాడు దాని నెట్లు నమ్మును?