ఉద్యోగిని పద్దుపుస్తకము

తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీ నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగష్టు 15వ తేదీ నుండియు ఆయా రాష్ట్రముల స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు. ఉద్యోగము చేయు తల్లులకిది గొప్ప యూరటయే. కాని వారి పద్దుపుస్తకమును తెరచి చూచినచో నవ్వును, జాలియు నొక్కమారే కలుగును.

ఆధారు కార్డు నిన్నటి సంచిలో నుండిపోయిన దినమున టిక్కెట్టునకు పైకము చెల్లింపక తప్పదు. పిల్లకు జడ వేయునంతలో బస్సు కదలిపోయిన దినమున ఆటో కిరాయి నాలుగు దినముల పొదుపును మ్రింగివేయును. సంతలో బేరమాడి చౌకగా కొన్న టమాటాలు, కిక్కిరిసిన బస్సులో నలిగి, ఇల్లు చేరునప్పటికి పచ్చడికి సిద్ధమై యుండును. ఇంటివారు మాత్రము “బస్సు ఉచితమే గదా, మిగిలిన డబ్బేది?” యని లెక్క యడుగుదురు!

లోపము ఆమె పొదుపులో లేదని మా యభిప్రాయము. ఛార్జీ మాన్పుట సగము పని. ఉద్యోగవేళలకు చాలినన్ని బస్సులు నడపుట తక్కిన సగము. ప్రభుత్వమువారు బస్సులను పెంతురు గాక. ఇంటి పురుషులు జడ వేయుట నేర్తురు గాక. అప్పుడుగాని ఆమె పద్దులో నాలుగు రూపాయలు మిగులవు.