పైలం అంటే ఆగిపోవడం కాదు



సెలవులు అయిపోయి ఊరి నుంచి బస్సెక్కే ప్రతిసారీ మా అమ్మలు చెప్పే మాట ఒక్కటే: "పైలం బిడ్డా." ఆ మాటలో ప్రేమ ఉంది, భయం కూడా ఉంది. కానీ పైలంగా ఉండాలంటే ఏం చేయాలో మాత్రం అందులో లేదు. తెలిస్తే కదా వాళ్లు చెప్పడానికి! కూలికి పోయే ఊరు, పుట్టింటి ఊరు తప్ప మరో చోటికి ఒంటరిగా వెళ్లే అవకాశం వాళ్లకు ఎన్నడూ రాలేదు. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. హైదరాబాద్‌లో ఒంటరిగా బస్సు దిగిన మొదటి ఆడపిల్లలమూ మేమే. అందుకే మేము దెబ్బలు తిని నేర్చుకున్నది మా వెనక వచ్చేవాళ్లకు మేమే చెప్పాలి.

ఆడపిల్ల ప్రయాణం గురించి ఇంట్లోనైనా, కాలేజీలోనైనా వినబడే సలహాలన్నీ "వద్దు" తోనే ముగుస్తాయి. ఒంటరిగా పోవద్దు. చీకటి పడ్డాక పోవద్దు. ఎవరితో మాట్లాడవద్దు. ఇవన్నీ పాటిస్తే చివరికి ప్రయాణమే ఉండదు. ప్రయాణం లేకుంటే చదువు లేదు, పరీక్ష లేదు, ఉద్యోగం లేదు. మన గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్లు. అంతకుముందు భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకుంది. కొండ ప్రమాదమని ఆమెను ఆపలేదు, నేర్పి పంపారు. మేము కోరేది కూడా అదే. భయం చెప్పి ఆపకండి, దారి చెప్పి పంపండి.

దారి తెలియకపోతే

డిగ్రీలో చేరడానికి మా మండలం నుంచి మేమిద్దరం వచ్చాం. అప్పటికింకా ఉచిత బస్సు లేదు. ఒక ట్రంకు పెట్టె, రెండు సంచులు, ఒక చాప. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాలని తెలుసు గాని అది ఎలా ఉంటుందో తెలియదు. అంత జనాన్ని చూసి ఇదే దిల్‌సుఖ్‌నగర్ అనుకుని ఎల్బీనగర్‌లోనే దిగిపోయాం. తల మీద వంతెనలు, ఎటు చూసినా రోడ్లు. ఆటో ఆయన రెండు వందలు అడిగాడు. బేరమాడటానికి కూడా ఎంత దూరమో తెలియాలి కదా, ఇచ్చేశాం. అది మా ఇద్దరి వారం ఖర్చు. దిల్‌సుఖ్‌నగర్ అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లే అని, మెట్రోలో మూడో స్టేషనే అని తర్వాత తెలిసింది. ఆరోజు మేము మోసపోయింది తెలివి లేక కాదు, చెప్పేవాళ్లు లేక.

అందుకే ముందుగా ఇది గుర్తుపెట్టుకోండి. ఎల్బీనగర్ చౌరస్తాలో నాలుగు దారులు. ఒకటి వనస్థలిపురం, హయత్‌నగర్, చౌటుప్పల్ మీదుగా విజయవాడ వైపు. దానికి ఎదురుగా కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా కోఠి వైపు. మూడోది నాగోల్, ఉప్పల్ వైపు. నాలుగోది సాగర్ రింగ్ రోడ్డు వైపు. మెట్రో ఎర్ర లైనుకు ఎల్బీనగర్ చివరి స్టేషన్. 2018 సెప్టెంబర్ 24న ఇక్కడి దాకా రైలు వచ్చింది. ఇక్కడ ఎక్కితే రైలు వెళ్లేది ఒక్క వైపే, మియాపూర్ వైపు. కాబట్టి దారి తప్పే పని లేదు. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్.

ఇంకొక మాట. రాత్రి బస్సు తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో దించుతుంది. ఆ వేళలో ఎల్బీనగర్ రోడ్డు మీద ఒంటరిగా దిగి ఆటో వెతకడం కంటే, బస్సు ఎంజీబీఎస్ దాకా పోయేదైతే అక్కడి దాకా పోయి జనం మధ్య కూర్చోండి. తెల్లవారాక మెట్రో మొదలవుతుంది, స్టేషన్ అక్కడే ఉంది. దసరా, సంక్రాంతి ముందు రోజుల్లో ఎల్బీనగర్‌లో కాలు పెట్టే చోటుండదు. సెలవిచ్చిన సాయంత్రమే పరుగెత్తకుండా మర్నాడు పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుంటే వెలుతురుండగానే ఇల్లు చేరతాం.

సంచిలో ఏముండాలి

మొదటిది కార్డు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ లేదు. కానీ తెలంగాణ చిరునామా ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపించాలి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కనుక అది చెల్లదు. ఫోన్‌లో ఆధార్ ఫొటో ఉంది కదా అని మాలో ఒకామె ధీమాగా బయలుదేరింది. కండక్టర్ ఒరిజినల్ అడిగాడు, చేతిలో డబ్బు లేదు. పక్క సీటులో ఎవరో పెద్దమ్మ టికెట్ డబ్బులిచ్చి, "చదువుకునే పిల్ల" అంది. అందరికీ అలాంటి పెద్దమ్మ దొరకదు. డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సుల్లో ఈ సౌకర్యం లేదు. ఎక్కే ముందే బోర్డు చూడండి. జీరో టికెట్ అడిగి తీసుకోండి. సున్నా అని రాసున్నా అదీ టికెట్టే. దాన్ని బట్టే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కడుతుంది.

రెండోది డబ్బు. బస్సు ఉచితమైనా వందో రెండు వందలో దగ్గర ఉండాలి, అదీ రెండు చోట్ల. కొంత పర్సులో, కొంత బట్టల మధ్య. ఫోన్‌పే ఉందని ధీమా వద్దు. చార్జింగ్ అయిపోతే డబ్బూ పోయినట్టే. ఇంటి నంబరు, హాస్టల్ నంబరు, ఒక స్నేహితురాలి నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. మా అమ్మలకు చదువు రాకపోయినా పది నంబర్లు నోటికి వచ్చు. మాకు ఒక్కటీ రాదు.

మూడోది సర్టిఫికెట్లు. మాలో ఒకామె వెరిఫికేషన్‌కు వస్తూ ఒరిజినల్స్ ఉన్న సంచిని సీటు పైన పెట్టి, దిల్‌సుఖ్‌నగర్ వచ్చిందని హడావిడిగా దిగిపోయింది. సంచి దొరికింది, కాని రెండు రోజుల తర్వాత. అప్పటికి తేదీ దాటిపోయింది. ఒక సంవత్సరం పోయింది. మనలాంటి ఇళ్లలో ఒక సంవత్సరం పోతే ఏమవుతుందో తెలుసు కదా, పెళ్లి మాట మొదలవుతుంది. అందుకని ఒరిజినల్స్ ఎప్పుడూ ఒళ్లోనే. జిరాక్సు సెట్టు వేరే సంచిలో. ఒక సెట్టు హాస్టల్ పెట్టెలో.

నాలుగోది, ఎవరూ పైకి మాట్లాడనిది. బస్సు ప్రయాణం ఉందంటే పొద్దుట నుంచే నీళ్లు తాగడం మానేస్తాం. మధ్యలో ఎక్కడికి పోవాలో తెలియదు కాబట్టి. తర్వాత మూత్రంలో మంట, జ్వరం. ఈ బాధ లేని గది మా హాస్టల్లో లేదు. నీళ్లు తాగండి. బస్టాండుల్లో, మెట్రో స్టేషన్లలో మరుగుదొడ్లు ఉన్నాయి, చిల్లర దగ్గర పెట్టుకోండి. తేదీ దగ్గర లేకపోయినా రెండు ప్యాడ్లు, ఒక పాత పేపరు సంచిలో ఉండనివ్వండి. బస్సు పడనివాళ్లు ఒక నిమ్మకాయ, ఒక కవరు పెట్టుకుంటే చాలు.

ఆపద వస్తే

112 అందరికీ తెలుసు. మహిళల కోసం 181 ఉంది, రైల్లో అయితే 139. స్మార్ట్‌ఫోన్ సెట్టింగుల్లో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ఉంటుంది. ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కాలో ఈరోజే గదిలో కూర్చుని చూసుకోండి. బటన్ ఫోనులో 5 గాని 9 గాని నొక్కి పట్టుకుంటే ఎమర్జెన్సీ కాల్ వెళ్లేలా 2017లో నిబంధన వచ్చింది.

2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ మఫ్టీలో బస్టాపుల దగ్గర తిరుగుతుంటారు. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టరు. ఏ పోలీస్ స్టేషనైనా "ఇది మా పరిధి కాదు" అని పంపించేయడానికి వీల్లేదు. జీరో ఎఫ్ఐఆర్ రాసుకుని సంబంధిత స్టేషన్‌కు వాళ్లే పంపాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 173వ సెక్షన్‌లో ఇది స్పష్టంగా ఉంది. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర దిశ కనబడకుండా పోయిన రాత్రి, పరిధి పేరుతో తమను స్టేషన్ల మధ్య తిప్పారని ఆమె కుటుంబం చెప్పింది. ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. ఆ రాత్రిని మనం మరచిపోకూడదు. "జీరో ఎఫ్ఐఆర్" అనే మాట నోటికి వచ్చి ఉండాలి.

బస్సులో ఎవడైనా చేయి వేస్తే సిగ్గుపడి జరగకండి. గట్టిగా అనండి. పక్కనున్న అక్కతో చెప్పండి, కండక్టర్‌తో చెప్పండి. సిగ్గు పడాల్సింది మనం కాదు.

తప్పు ఎవరిది?

ఇక్కడే మా అసలు అభిప్రాయం చెప్పాలి.

మా జూనియర్ ఒకామె డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా ఒకడు రోజూ కాలేజీ బస్సుస్టాపు నుంచి హాస్టల్ సందు దాకా వెంటపడేవాడు. మాకు చెప్పింది. మేము "ఇంట్లో చెప్పకు, ఊరుకో" అన్నాం. ఎవరి ద్వారానో ఇంటికి తెలిసింది. అన్న వచ్చి పెట్టె సర్దించాడు. "చదివింది చాలు" అన్నారు. వెంటపడినవాడు ఆ సందులోనే ఉన్నాడు, చదువు ఆగింది ఈమెది. మేమంతా పీజీ దాకా వచ్చాం, ఆమె రాలేదు. ఆరోజు మాలో ఇద్దరం తోడు వెళ్లి ఫిర్యాదు ఇప్పించి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాం. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆమే.

పైన చెప్పిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఏదో ఒకటి జరగవచ్చు. అప్పుడు "కార్డు ఎందుకు పెట్టుకోలేదు, ఆ టైంలో ఎందుకు పోయావు" అని అడిగితే ఆ జాగ్రత్తలే మన మెడకు చుట్టుకుంటాయి. సావిత్రీబాయి ఫూలే పుణెలో బడికి వెళ్తుంటే దారిలో పేడ, బురద విసిరేవారు. ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్లేది. బడికి చేరి చీర మార్చుకుని పాఠం చెప్పేది. రెండో చీర పెట్టుకోవడం ఆమె జాగ్రత్త. బురద విసరడం మాత్రం విసిరినవాళ్ల తప్పు. ఈ రెండింటినీ కలపకూడదు. ఒక చీర ఎక్కువ మోసింది గాని ఆమె బడి మానలేదు.

ఈమధ్య ఇంకో మాట వింటున్నాం. "ఫ్రీ బస్సు వచ్చాక ఆడోళ్లు ఊరికే తిరుగుతున్నారు" అని. తిరిగితే ఏమిటి తప్పు? ఛార్జీకి డబ్బుల్లేక పండుగకు కూడా ఇంటికి పోలేని రోజులు మాకు గుర్తున్నాయి. ఇప్పుడు నెలకోసారి పోయి అమ్మను చూసి వస్తున్నాం. అక్కడో ఇంటర్వ్యూ, ఇక్కడో లైబ్రరీ అంటే ధైర్యంగా బయలుదేరుతున్నాం. దాన్ని ఊరికే తిరగడం అంటే ఒప్పుకోం.

హాస్టల్‌కు మా మనవి

ఒకటి: కొత్త పిల్లలు చేరిన మొదటి వారంలో ఇద్దరు సీనియర్లు వాళ్లను ఎల్బీనగర్ తీసుకెళ్లి నాలుగు దారులూ చూపించాలి. దిల్‌సుఖ్‌నగర్ దాకా ఒకసారి బస్సులో, ఒకసారి మెట్రోలో తీసుకురావాలి. దీనికి ఒక ఆదివారం చాలు.

రెండు: ఊరికి పోయేటప్పుడు రిజిస్టర్‌లో సంతకం చేయిస్తారు. "క్షేమంగా చేరింది" అని రాయడానికి పక్కనే ఇంకో గడి ఉండాలి. ఫోన్ రాకపోతే హాస్టల్ నుంచే ఫోన్ వెళ్లాలి.

మూడు: బస్సు ఆలస్యమై రాత్రి వచ్చిన పిల్లకు ముందు గేటు తెరవాలి, తర్వాత ప్రశ్నలు అడగాలి. గేటు బయట నిలబెట్టి సంజాయిషీ అడిగితే మర్నాటి నుంచి ఆ పిల్ల నిజం చెప్పదు.

నాలుగు: పాత విద్యార్థినుల్లో ఎందరో ఉద్యోగాలు చేస్తూ కొత్తపేట, సరూర్‌నగర్, వనస్థలిపురం ప్రాంతాల్లో ఉంటున్నారు. అక్కలారా, మీలో పదిమంది మీ నంబర్లు హాస్టల్‌లో ఇచ్చి ఉంచండి. రాత్రిపూట బస్టాపులో ఉన్న ఒక చెల్లెకు "అక్కడే ఉండు, వస్తున్నా" అనే ఒక్క మాట చాలు.

వచ్చే ఏడు ఇదే బస్సుల్లో మరికొందరు చెల్లెళ్లు పెట్టె, చాప పట్టుకుని ఎల్బీనగర్‌లో దిగుతారు. వాళ్లు ఆటోకు రెండు వందలు ఇవ్వకుండా నేరుగా మెట్రో మెట్లు ఎక్కితే ఈ వ్యాసం రాసిన పని నెరవేరినట్టే. అమ్మలు ఎప్పటిలాగే "పైలం బిడ్డా" అంటారు. అననివ్వండి. "కార్డు ఉంది, నంబర్లు రాసుకున్నా, దారి తెలుసు, చేరగానే ఫోన్ చేస్తా అమ్మా" అని చెప్పి బస్సెక్కండి.

జై భీమ్.