వాహన సంరక్షణ : టైమింగ్ చైను గైడు

ఉదయం కారు స్టార్టు చేయగానే ఇంజను ముందుభాగం నుండి రెండు మూడు క్షణాలపాటు గలగలమని శబ్దం వచ్చి, ఆపై దానంతట అదే సద్దుమణిగితే ఉపేక్షించవద్దని పాఠకులకు మనవి. నేను ఉపేక్షించాను. "బెల్టయితే తెగుతుంది గానీ, చైనుకేమవుతుంది సార్" అన్న మెకానిక్ మాట నమ్మి నాలుగు నెలలు గడిపాను.

చైనుకు ఏమీ కాకపోవచ్చు. దానిని అదుపులో ఉంచే గైడు అరుగుతుంది. పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజనులో క్యామ్ షాఫ్టు కిందనే ఉండేది కనుక చైను పొట్టిది. మారుతి 800లో చైనుకు బదులు బెల్టు ఉండేది. నేటి చైను ఇంజన్లలో క్యామ్ షాఫ్టు పైన, హెడ్‌లో ఉంటుంది. అంత పొడవైన చైను ఊగిపోకుండా ఇరువైపులా గైడులు అవసరం. చైను ఒరుసుకొనే వాటి ముఖం ప్లాస్టిక్‌ది. వదులు వైపు గైడును టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో నెట్టి ఉంచుతుంది. రాత్రంతా ఆగిన ఇంజనులో ఆ ఒత్తిడి ఏర్పడడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ గలగల అప్పటిదే. ఆయిల్ సకాలంలో మార్చనివారికి ఈ అరుగుదల త్వరగా ప్రాప్తిస్తుంది.

నా కారుకు కవరు విప్పేసరికి గైడు విరిగి ఉంది. ఒక ముక్క ఆయిల్ చాంబరులో, పంపు జల్లెడ పక్కనే దొరికింది. అది జల్లెడకు అడ్డుపడితే ఇంజనుకు ఆయిల్ అందదు. చైను పళ్ళు దాటితే, అనేక ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఆ దశకు చేరితే హెడ్ దించక తప్పదు.

ఇది ఇంటివద్ద చేసుకొనే పని కాదు. అయినా దగ్గర నిలబడి చూడటం మంచిది. గైడు ఒక్కటే మార్చి డబ్బు మిగులుద్దామనే ఆలోచన నాకూ కలిగింది. అయితే ఖర్చులో అధికభాగం విప్పి బిగించే కూలిదే. అందుచేత చైను, గైడులు, టెన్షనర్ ఒకేసారి మార్పించాను. చాంబరు కూడా విప్పించి శుభ్రం చేయించాను.

మొదటి సిలిండరు పిస్టన్‌ను పైకి తెచ్చి, స్ప్రాకెట్ల గుర్తులు కలిపిన తరువాతే కొత్త చైను వేయాలి. టెన్షనర్ పిన్ను తీశాక, తాళంచెవి తిప్పకముందే క్రాంక్‌ను స్పానర్‌తో చేతితో నిండు రెండు చుట్లు తిప్పించండి. క్యామ్ షాఫ్టుకు అది ఒక్క చుట్టు. గుర్తులు మళ్ళీ సరిపోవాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయనివ్వక, చైను విప్పించి మళ్ళీ మొదటినుండి అమర్పించండి.