బేడర్ కాళ్ళు

ఉపన్యాస పోటీలు వచ్చాయంటే చాలు, "సంకల్పబలం ఉంటే సాధించలేనిది లేదు" అని మన మిత్రులు బల్ల గుద్ది చెబుతారు. అందుకు ఉదాహరణగా డగ్లస్ బేడర్‌ను మించినవాడు దొరకడు. కాని ఆయన జీవితం పూర్తిగా చదివితే ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకోబుద్ధి కాదు.

బేడర్ ఇంగ్లండు వాయుసేన అధికారి. హార్లెక్విన్స్ జట్టుకు రగ్బీ, వాయుసేన తరఫున క్రికెట్టూ ఆడాడు. 1931 డిసెంబరు 14న వుడ్లీలో నేలకు మరీ దగ్గరగా విమానాన్ని పల్టీ కొట్టించబోతే రెక్క నేలను తాకింది. రెండు కాళ్ళూ తీసేశారు. అప్పటికి వయసు 21, నాకంటే ఒక్క ఏడు పెద్ద!

రోహాంప్టన్‌లో లోహపు కాళ్ళు పెట్టించుకుని, చేతికర్ర లేకుండా నడిచాడు, గోల్ఫ్ ఆడాడు. 1933లో ఇంటికి పంపిన వాయుసేనే యుద్ధం రాగానే, 1939లో, మళ్ళీ చేర్చుకుంది. 1940లో 242వ స్క్వాడ్రన్‌కు నాయకుడై, పైలట్లు సిద్ధమే గాని పనిముట్లు లేవని పైవాళ్ళకు కబురు పెట్టి మరీ సామాను తెప్పించుకున్నాడు. 22 శత్రు విమానాలను కూల్చినట్టు లెక్క. కాళ్ళు లేనందువల్ల విమానం గిరుక్కున తిరిగినప్పుడు రక్తం కిందికి దిగిపోక స్పృహ తప్పేది కాదని కూడా అంటారు. నిజమెంతో గాని, ఫిజిక్సు చదివేవాణ్ణి గనక నాకు భలే నచ్చింది.

పట్టుదల లేదని ఎవరన్నారు? కాని 1933లో ఆ కాళ్ళు లేని మనిషికి షెల్ వారి ఏషియాటిక్ పెట్రోలియం కంపెనీ ఆఫీసులో కుర్చీ వేసింది. యుద్ధం అయ్యాక షెల్ మళ్ళీ తీసుకుంది. ఆ కంపెనీ విమాన విభాగానికి మేనేజింగ్ డైరెక్టరై 1969లో రిటైరయ్యాడు. మా ఊళ్ళో నూర్పిడి మిషన్‌లో చెయ్యి పోయిన కూలీ ఒకాయన ఉన్నాడు. ఒంటిచేత్తో గడ్డిమోపు కడతాడు. ఆయనకు పట్టుదల తక్కువా? కొత్త చెయ్యి ఎవరు పెట్టించారు? కుర్చీ ఎవరు వేశారు?

కాళ్ళూ చేతులూ పోయిన పిల్లలకు బేడర్ ధైర్యం చెప్పేవాడు. వికలాంగులకు చేసిన సేవకే 1976లో సర్ బిరుదు వచ్చింది. అది న్యాయమే.

ఇంకో సంగతి మాత్రం ఉపన్యాసాల్లో వినపడదు. 1941 ఆగస్టు 9న ఫ్రాన్సులో జర్మన్లకు చిక్కాడు. ఒక కాలు విమానంలోనే ఉండిపోతే, ఇంగ్లండు నుంచి కొత్తది తెచ్చి పడెయ్యడానికి శత్రువులే ఒప్పుకున్నారు. తర్వాత కోల్డిట్జ్ కోటలో బందీగా ఉన్నప్పుడు మెట్ల మీద ఆయన్ని వీపున మోసింది అలెక్స్ రాస్ అనే ఆర్డర్లీ. వైద్యదళం మనిషి గనక 1943లో రాస్‌ను ఇంటికి పంపుతామని జర్మన్లంటే, బేడర్ వీల్లేదన్నాడట. తర్వాత రాసే చెప్పుకున్నాడు. ఇంకో రెండేళ్ళు అక్కడే ఉండి మోశాడు.